దంతవిద్యార్థులును సహాధ్యాయ ధర్మమును

విద్యార్థి యను మాట వినబడినతోడనే మన పట్టణవాసులకు స్ఫురించువారు ఇంజనీరింగు విద్యార్థులు, వైద్యవిద్యార్థులు, న్యాయవిద్యార్థులు. దంతవైద్య కళాశాలలో చదువుకొను యువతీయువకులు ఎవరికిని జ్ఞప్తికి రారు. పన్ను సలుపనంతవరకు పన్నున్న సంగతియే మరచియుండుట మానవస్వభావము; పన్ను బాగుచేయ నేర్చుకొనువారి యెడలను లోకము అట్లే వర్తించుచున్నది. ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును కలిపి ఏటేట వేలసంఖ్యలో యువజనులు ఈ విద్యలో ప్రవేశించుచున్నారు. వారు ఐదేండ్లు ఎట్లు గడుపుదురో, ఎవరితో కలసి గడుపుదురో, ఆ సహవాసమునుండి ఏమి నేర్చుకొని వెలికివత్తురో విచారించువారు అరుదు. కాని రేపు మన నోళ్లను వారి చేతులకే అప్పగింపవలసియున్నది. కావున ఇది వారి సొంత వ్యవహారమని త్రోసివేయుటకు వీలులేదు.

ముందుగా వీరు ఎట్టి మనఃస్థితిలో కళాశాల గడప త్రొక్కుచున్నారో చూతము. వైద్యవిద్యకును దంతవిద్యకును ప్రవేశపరీక్ష యొక్కటే. నీట్ అను ఆ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చినవారు ఎం.బి.బి.ఎస్.లో చేరుదురు, వారి తరువాతివారిలో పెక్కురు బి.డి.ఎస్.లో చేరుదురు. ఇందువలన తరగతిలో పలువురు తాము ఓడిపోయి వచ్చితిమను భావముతోనే మొదటిదినమున బల్లలపై కూర్చుందురు. ఇంటికి వచ్చిన చుట్టములు "మీ అమ్మాయి డాక్టరా, పళ్ల డాక్టరా?" అని యడుగుదురు. "పళ్ల" అను మాటను నొక్కిపలుకుటలోనే చులకన యున్నది. కొందరు తొలియేటి పుస్తకములను ప్రక్కనబెట్టి మరల నీట్ పరీక్షకే చదువుచు, సహాధ్యాయులతో మనసు కలుపక, సత్రములో దిగిన బాటసారులవలె ఉందురు. తన విద్యను తానే గౌరవింపనివాడు అదే విద్యకు వచ్చిన ప్రక్కవానిని ఎట్లు గౌరవింపగలడు? తరగతిలో స్నేహమునకు మొదటి యడ్డు ఈ న్యూనతాభావమే.

ఈ న్యూనత నిరాధారమైనది. దంతవైద్యమునకై ప్రపంచమున మొట్టమొదటి కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున వెలసెను. మొదటి తరగతిలో చేరినవారు ఐదుగురు. 1841లో పట్టము పొందినవారు ఇరువురు. మనదేశమున ఈ విద్యకు పునాది వేసినవారు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదుగారు. వారు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1915లో దంతవైద్య పట్టము పొంది, బోస్టను నగరములోని పిల్లల దంతవైద్యశాలలో కొంతకాలము పనిచేసి, స్వదేశమునకు మరలివచ్చి, 1920లో కలకత్తాలో భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. సర్కారువారి ధనసహాయమునకై కనిపెట్టుకొని కూర్చుండక, న్యూయార్కు సోడా ఫౌంటెన్ అను పానీయశాలను నడపి, దాని యాదాయముతో కళాశాలను పోషించిరి. 1925లో భారతీయ దంతవైద్య పత్రికను నెలకొల్పిరి. 1949లో ఆ కళాశాలను పశ్చిమ బెంగాల ప్రభుత్వమునకు ఒప్పగించిరి. అది నేడు వారి పేరనే నడచుచున్నది. అమెరికాలో పట్టముపొందిన పండితుడు సోడాలమ్మి విద్యార్థులకు చదువు చెప్పించెను గదా! ఆయన నెలకొల్పిన విద్యలో చేరినవారు తాము తక్కువవారమని తలవంచుకొనుట యేల?

1948లో దంతవైద్యుల చట్టము పుట్టినది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడినది. నేడు దేశమంతట మూడువందలకు మించిన దంతకళాశాలలు కలవు. వానిలో అధికభాగము ప్రైవేటు యాజమాన్యములవి. 1920లో ఒక్కరి పట్టుదలమీద నిలిచిన విద్య నేడింత విస్తరించినది. విస్తరించిన విద్యలో విద్యార్థి జీవనము కూడ అంత గౌరవముగా విస్తరించినదా అన్నదే మన విచారము.

దంతకళాశాలలో చదువు పుస్తకముతో ముగియునది కాదు. తొలియేట శరీరశాస్త్రము మొదలగువానితోపాటు, విద్యార్థికి మైనపు దిమ్మ నొకటి, చెక్కుడుకత్తి నొకటి ఇచ్చి పంటిని చెక్కుమందురు. పన్నెండేండ్లు పరీక్షలలో సరియైన సమాధానమునకు గుర్తుపెట్టుట తప్ప చేతితో మరేమియు చేసియెరుగని బాలుడు, ముందరి పంటి వంపును, దవడపంటి గుంటలను, మొనలను కొలతప్రకారము మైనములో తేవలెను. ఒక గీటు లోతుగా పడినచో దిమ్మ యంతయు పాడగును. రెండవయేట ప్లాస్టరు కలుపుట, అచ్చులు పోయుట, మైనముపై కట్టుడుపండ్లను వరుస తీర్చుట, కృత్రిమ శిరస్సులో అమర్చిన పండ్లను తొలిచి నింపుట. తీసివేసిన నిజమైన పండ్లను సేకరించుటకై ఊరిలోని దంతవైద్యులను ఆశ్రయించి, శుద్ధిచేసి సీసాలలో దాచుకొనుట మరియొక పని. మూడవయేటినుండి రోగులు. నాలుగేండ్ల చదువు, ఒక యేడు ఆసుపత్రిలో శిక్షణ: ఇది వారి పంచవర్ష ప్రణాళిక.

ఈ పనులలో ఏదియు ఒంటరిగా నేర్చుకొనుటకు వీలులేదు. సహాధ్యాయి యొక్క అవసరము ఇతర విద్యలకంటె దంతవిద్యలో ఎక్కువ యగుటకు కారణము లున్నవి. మొదటిది, నోరు ఇరుకైన స్థలము. ఒకడు పని చేయుచుండగా మరియొకడు దీపము సరిచేయవలెను, ఉమ్మి పీల్చు గొట్టమును పట్టవలెను, బుగ్గను ప్రక్కకు లాగవలెను, సిమెంటు సరియైన పాకమున కలిపి అందీయవలెను. సిమెంటు గట్టిపడుటకు నిమిషములే వ్యవధి. అందించువాడు పరాకుగా నున్నచో రోగి కూర్చున్నది వ్యర్థము. రెండవది, విద్యార్థికి తొలిరోగి సహాధ్యాయియే. దవడ అచ్చు తీయుట మొదట ఒకరిపై నొకరు నేర్చుకొందురు. ఆల్జినేటు నిండిన పాత్ర గొంతువైపు జారినప్పుడు వాంతి వచ్చినట్లగుట ఎట్లుండునో తాను కుర్చీలో కూర్చుని తెలిసికొన్నవాడు, రేపు రోగి నోటిలో ఆ పాత్రను జాగ్రత్తగా ఉంచును. మూడవది, తన చేతిపనిలోని తప్పు తన కంటికి తొందరగా కనబడదు. గురువు నూరుగురిని చూడవలెను. ప్రక్క కుర్చీవద్ద నిలుచున్న స్నేహితుడు ఒక్కనినే చూచును. "ఇక్కడ ఇంక పుచ్చు మిగిలినది, చూచుకొనుము" అని మెల్లగా చెప్పు స్నేహితునివలన రక్షింపబడిన పండ్లు ఎన్నియో!

ఈ సహవాసములో మనము మెచ్చుకొనదగిన మర్యాదలు పుట్టినవి. ఒకరి పరికరము విరిగినచో మరియొకరు ఇత్తురు. తన లెక్క పూర్తియైనవాడు తనయొద్దకు వచ్చిన రోగిని పూర్తికాని మిత్రునికి అప్పగించును. ఆఖరిపరీక్ష దినమున ప్రతి విద్యార్థియు తనకు కుదిరిన రోగిని పరీక్షకులయెదుట కూర్చుండబెట్టవలెను. ఎన్నో వారములు బ్రతిమాలి ఒప్పించిన ముదుసలి ఆ ఉదయమున రాక, విద్యార్థిని కన్నీళ్లతో ద్వారమువద్ద నిలిచియుండగా, సహాధ్యాయులు తమ చదువు విడిచి ఆటోలెక్కి ఆ ముదుసలి ఇంటికి పోయి పిలుచుకొనివచ్చుటయు, లేనిచో మరియొకరిని వెదకి తెచ్చుటయు కళాశాలలలో వింత కాదు. అట్లు పరుగెత్తినవానికి ఒక్క మార్కును అదనముగా రాదు. పాఠ్యప్రణాళికలో లేని ఈ పాఠమే వృత్తికి ప్రాణము.

అసూయ ఈ వృత్తిని ఎట్లు కలచివేయునో చరిత్ర యొకమారు చూపినది. హోరేసు వెల్సు, విలియం మార్టను అను అమెరికా దంతవైద్యులలో మార్టను వెల్సువద్ద పని నేర్చినవాడు, కొంతకాలము అతనితో భాగస్వామిగా నుండినవాడు. 1844 డిసెంబరులో వెల్సు నైట్రసు ఆక్సైడు వాయువును పీల్చి తన పంటినే నొప్పి తెలియకుండ తీయించుకొనెను. 1845లో బోస్టను వైద్యులయెదుట దానిని ప్రదర్శింపగా రోగి కేక వేసెను. చూచినవారు ఎగతాళి చేసిరి. 1846 అక్టోబరు 16వ తేదీన మార్టను ఈథరుతో అదే నగరమున శస్త్రచికిత్సను నొప్పి లేకుండ జరిపించి కీర్తి గాంచెను. అటుపిమ్మట ఈ యావిష్కారము నాదనగా నాదని పుట్టిన వివాదము అమెరికా శాసనసభవరకు పోయెను. వెల్సు 1848లో చెరసాలలో ఆత్మహత్య చేసికొనెను; మార్టను 1868లో దరిద్రుడై మరణించెను. మానవజాతికి నొప్పిలేని చికిత్సను ప్రసాదించినవారు ఒకరి కీర్తిని ఒకరు సహింపలేక పోయిరి. వెల్సు ప్రదర్శన విఫలమైన దినమున అతనికి ధైర్యము చెప్పి, కలసి లోపమును సరిదిద్దినవారుండిన, ఇరువురి కథయు వేరుగా నుండెడిది.

మన కళాశాలలలో నేడు స్నేహమును చెరచుచున్నవి ఏవి? మొట్టమొదట చెప్పవలసినది లెక్కల బాధ. ఇన్ని పండ్లు తీయవలెను, ఇన్నిటికి సిమెంటు నింపవలెను, ఇన్ని నోళ్ల గార తీయవలెను, ఇన్ని జతల కట్టుడుపండ్లు తయారుచేయవలెను, లేనిచో పరీక్షకు కూర్చుండనీయరు. చేతిపనికి లెక్క ఉండుట న్యాయమే. పది పండ్లైన తీయనివానికి పట్టమిచ్చుట ప్రజాద్రోహము. కాని ఆ లెక్కకు వలసిన రోగులను ఎవరు సమకూర్పవలెను? ఊరికి దూరముగా పొలములనడుమ కట్టిన కళాశాలలో ఆసుపత్రి కుర్చీలు వరుసగా నుండును, కూర్చుండు రోగులు ఉండరు. అప్పుడు విద్యార్థియే బస్సుస్టాండులోను, ఇండ్లు కట్టుచున్న కూలీల గుడిసెలలోను, వసతిగృహపు కాపలావారి బంధువులలోను రోగులను వెదకవలసివచ్చుచున్నది. వారి దారిఖర్చులు, ఆసుపత్రి రుసుము, ఒక్కొక్కచో ఆనాటి కూలియు విద్యార్థియే చెల్లించును. ధనికుని బిడ్డకు లెక్క త్వరగా పూర్తియగును. పేదవాని బిడ్డ వెనుకబడును. కావలసిన రోగి ఇద్దరు విద్యార్థుల నడుమ తగవుకు కారణమగును. ఏకచషకమున కాఫీ త్రాగిన స్నేహితులు రోగి పేరు వ్రాసిన చీటీకై మాటలు మానుకొందురు.

ఇందు విద్యార్థికంటె ఎక్కువ నష్టపడువాడు ఆ కుర్చీలోని పేదవాడు. అతడు పేరుగల మనుష్యుడుగా గాక "ఒక కట్టుడుపండ్ల కేసు"గా, "రెండు వేళ్ల పంటి కేసు"గా లెక్కకు వచ్చును. బాగుచేసి నిలుపదగిన పంటిని, తీయు లెక్క పూర్తికావలసియున్నదని తీసివేయు ప్రలోభము కలుగును. గురువు కన్ను చురుకుగా నున్నచోట ఇది సాగదు. లేనిచోట ఏమగునో చెప్పనక్కరలేదు. ఊడిన పన్ను మరల మొలవదు. మన గ్రామీణుడు నమ్మి నోరు తెరచినాడు. ఆ నమ్మకము పోయిన పిమ్మట ఏ కళాశాలకును రోగులు రారు.

"లెక్క తీసివేసినచో విద్యార్థులు సోమరులగుదురు" అని కొందరు ఆచార్యులు వాదింతురు. మేము లెక్క తీసివేయుమనుట లేదు. రోగులను రప్పించు భారము కళాశాలదే కావలెను, విద్యార్థిది కాగూడదు. చుట్టుప్రక్కల గ్రామములకు బండ్లు పంపి, పాఠశాలలలో పిల్లల పండ్లు పరీక్షించి, చికిత్స అవసరమైనవారిని తెచ్చి, వచ్చినవారిని వరుసక్రమమున విద్యార్థులందరికి సమముగా పంచినచో తగవు లుండవు. సంఖ్యతోపాటు గుణమును లెక్కింపవలెను: ఒకే రోగికి మొదటినుండి తుదివరకు సంపూర్ణ చికిత్స చేసి, ఆరు మాసముల పిమ్మట మరల పిలిచి చూచిన విద్యార్థికి విడివిడిగా పది పండ్లు తీసినవానికంటె ఎక్కువ విలువ ఈయవలెను. సహాయకుడుగా నిలిచినవాని పేరుకూడ ఆ పుస్తకమున వ్రాసి, అతని పనికిని గుణము కట్టవలెను. స్నేహధర్మమును చట్టము పుట్టింపలేదు గాని, స్నేహితునికి సాయపడినవాడు నష్టపోకుండ చూచుట చట్టము చేయగలదు.

రెండవ కీడు ర్యాగింగు. పై తరగతివారు క్రిందివారిని అవమానించి, అదియే పరిచయమందురు. ఆంధ్రప్రదేశమున దీనిని నిషేధించుచు 1997లోనే చట్టము చేయబడినది. విశ్వవిద్యాలయముల నిధుల సంఘమువారు 2009లో దేశమంతటికి నియమములు చేసిరి. చట్టములున్నవి, అయినను వసతిగృహములలో రాత్రివేళ తలుపులు మూసినపిమ్మట జరుగునది చట్టము చూడజాలదు. దంతకళాశాలలో పై తరగతివాడు క్రిందివానికి చేయదగిన ఉపకారము ఇంతయంత కాదు. మైనపు దిమ్మపై కత్తి నెట్లు పట్టవలెనో, ఏ పుస్తకములో ఏది చదువవలెనో, భయపడు రోగితో నెట్లు మాటాడవలెనో, సూది తన వ్రేలికి గ్రుచ్చుకొనకుండ నెట్లు మూతపెట్టవలెనో చెప్పగలిగినవాడు అతడే. రక్తమును ఉమ్మియు అంటు ఈ పనిలో సూదిపోటువలన కామెర్ల విషము సోకు ప్రమాదమున్నది. చేరిన మొదటి నెలలోనే హెపటైటిస్ బి టీకా వేయించుకొమ్మని తమ్ముని హెచ్చరించు అన్న, వానిచేత గుంజీలు తీయించు అన్నకంటె వేయిమడుగులు గౌరవపాత్రుడు. భయపెట్టి సంపాదించిన "అన్నా" అను పిలుపు కళాశాల ద్వారమువద్దనే నశించును. నేర్పి సంపాదించినది జీవితాంతము నిలుచును.

మూడవది భాష. మన దంతవిద్యార్థి పుస్తకములు ఆంగ్లములో చదువును. పరీక్షలు ఆంగ్లములో వ్రాయును. అందు దోషము లేదు. లోకములోని శాస్త్రము నేడు ఆ భాషలో లభించుచున్నది. కాని కుర్చీలో కూర్చున్న రైతు ఆంగ్లములో నొప్పిపడడు. "చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటున్నది" అనును. "రాత్రివేళ పోటు పొడుస్తున్నది" అనును. "నమిలితే కలుక్కుమంటున్నది" అనును. ఈ మూడు మాటలకును శాస్త్రమున భేదమున్నది. జివ్వుమనుట పంటిపై పొర అరిగినదానికో, పుచ్చు మొదలైనదానికో గురుతు కావచ్చును. రాత్రిపోటు పంటిలోని జీవము వాచినదని తెలుపవచ్చును. నమలగానే కలుక్కుమనుట పన్ను పగిలినదనియో, వేరు చివర చీము పట్టినదనియో సూచింపవచ్చును. తెలుగున రోగి చెప్పినదానిని సరిగ వినగలవానికి సగము నిదానము అక్కడనే తెలియును. పట్టణపు పాఠశాలలలో పెరిగిన మన బాలబాలికలలో కొందరికి పిప్పిపన్ను, కోరపన్ను, జ్ఞానదంతము, ఇగురు, గార మొదలగు మాటలు తెలియవు. పల్లెనుండి వచ్చిన సహాధ్యాయి ఇక్కడ గురువగును. ఆంగ్లములో తడబడునని ఎవనిని చూచి తరగతి నవ్వినదో, రోగి మంచమువద్ద వానినే దుబాసిగా పిలువవలసివచ్చును! మా సూచన యొకటి: ప్రతి తరగతివారును తమ ఐదేండ్లలో రోగులనోట విన్న మాటలను ప్రాంతమువారీగా ఒక పుస్తకమున కూర్చి తరువాతి తరగతికి అప్పగింతురు గాక. శ్రీకాకుళపు మాటయు, చిత్తూరి మాటయు, ఆదిలాబాదు మాటయు అందు చేరినచో అది తెలుగునకును వైద్యమునకును గొప్ప ఉపకారము.

వీరికై కాచుకొనియున్న కార్యక్షేత్రము ఎంత విశాలము! ప్రపంచమున 350 కోట్ల జనులు ఏదో యొక నోటిజబ్బుతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2022లో ప్రకటించిరి. నీటిలోని ఫ్లోరైడువలన పండ్లు గోధుమరంగు మచ్చలు పడుటయు, ఎముకలు వంగుటయు మనదేశమున మొదట వైద్యుల దృష్టికి వచ్చినది 1937లో, నాటి చెన్నరాజధానిలోని మన నెల్లూరు జిల్లాయందే. నల్లగొండ జిల్లా ఈ బాధకు పేరుమోసి, నీటినుండి ఫ్లోరైడు తీయు పద్ధతికే తన పేరు నిచ్చినది. ఉత్తరాంధ్ర తీరమున పేద స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోనికి పెట్టుకొని కాల్చు "అడ్డపొగ" అలవాటున అంగిలిపై పుండ్లు, కాన్సరు కలుగుచున్నవని శాస్త్రజ్ఞులు ఎన్నడో కనుగొనిరి. గుట్కా, ఖైనీ, పొగాకు వాడుకవలన నోటికాన్సరు మన దేశపు పురుషులలో మిక్కిలి ప్రబలియున్న కాన్సరులలో నొకటిగా నున్నది. బుగ్గలోపల తెల్లమచ్చ యొకటి, మానని పుండొకటి మొదట చూడగలవాడు పంటినొప్పికి పరీక్షించు దంతవిద్యార్థియే. నోటిలో దీపము పట్టిన ఆ క్షణమున అతడు చూచెనా, లేదా అన్నదానిపై ఒక కుటుంబపు భవిష్యత్తు ఆధారపడియున్నది. ఇంతటి బాధ్యతగల విద్యను రెండవరకపు విద్య యనుట అజ్ఞానము.

ఇక విద్యార్థినుల సంగతి. పెక్కు దంతకళాశాలలలో నేడు బాలికలే అధికసంఖ్యాకులు. లూసీ హాబ్సు అను అమెరికా వనితను స్త్రీయని దంతకళాశాలలు చేర్చుకొనలేదు. ఆమె స్వయముగా వృత్తి నేర్చి, అభ్యసించి, ఎట్టకేలకు 1866లో పట్టము సాధించెను. కలకత్తాలో దంతవైద్యము చదివి 1923లో బొంబాయిలో వైద్యశాల తెరచిన ఫాతిమా జిన్నా మనదేశపు తొలి దంతవైద్యురాండ్రలో నొకతె. మన బాలికలు ఈనాడు ప్రవేశమునకై పోరాడవలసిన పనిలేదు. పట్టము చేతికి వచ్చిన పిమ్మట పని విడువకుండుటకు పోరాడవలసియున్నది. "పన్ను పీకుటకు బలము కావలెను, ఆడుపిల్లలవలన కాదు" అను మాట ఇప్పటికిని వినబడును. పన్ను తీయుట మోటబలమున కాదు. పట్టకారును ఎచ్చట నిలుపవలెనో, ఏ వైపునకు మెల్లగా కదల్పవలెనో తెలిసినవారికి అది లొంగును. ఈ మాట తరగతిలో తోడి బాలురు నిర్భయముగా చెప్పినచో, ఆ దురభిప్రాయము అక్కడనే అంతమగును.

పట్టము పుచ్చుకొన్న తరువాత ఏమి జరుగుచున్నది? నిన్నటివరకు ఒక్క కుర్చీవద్ద నాలుగు చేతులతో పనిచేసిన మిత్రులు, ఒక్క పట్టణపు ఒక్క వీధిలో ఎదురెదురుగా బోర్డులు కట్టి, ఒకరి రుసుమును ఒకరు తగ్గించుకొనుచు, ఒకరి పనిని ఒకరు రోగులయెదుట నిందించుకొనుచున్నారు. కుర్చీ, ఎక్సురే, పరిశుద్ధి యంత్రములకై ఒక్కొక్కరు అప్పు చేయుచున్నారు. అదే సమయమున ముప్పది మైళ్ల దూరమునందలి మండలములో పన్ను నొచ్చినవాడు లవంగము నమలుచు ఆదివారమునకై ఎదురుచూచుచున్నాడు. నలుగురు సహాధ్యాయులు కలసి ఒక్క వైద్యశాల పెట్టి, ఖర్చు పంచుకొని, వారమునకు రెండుదినములు వంతులవారీగా ఒక మండలకేంద్రమున కుర్చీ వేసినచో, వారికి బ్రతుకుతెరువును పల్లెకు వైద్యమును రెండును సమకూరును. నేతపనివారు, పాలవారు సహకార సంఘములు పెట్టుకొని నడుపగలిగిన నేలపై, ఐదేండ్లు కలసి చదివిన వైద్యులు ఎందులకు చేయజాలరు? ఇందులకు బ్యాంకులు ఉమ్మడి అప్పునిచ్చుటయు, ప్రభుత్వము సామాజిక ఆరోగ్యకేంద్రములలో దంతవైద్యుల స్థానములను ఖాళీ లేకుండ నింపుటయు అవసరము. అయినను మొదటి యడుగు తరగతిగదిలోనే పడవలెను. కలసి బ్రతుకు అలవాటు పట్టముతోపాటు కాగితముపై వచ్చునది కాదు.

కళాశాల యాజమాన్యములకు మా మాట స్పష్టము: రోగులను మీరు సమకూర్పుడు, విద్యార్థుల ముడుపునుండి రోగి రుసుము తీయకుడు, ర్యాగింగును పాఠములతో జయింపుడు. తలిదండ్రులకు మనవి: బిడ్డను "డాక్టరు కాలేకపోయినవాడు" అని చుట్టములయెదుట పలుకకుడు, ఆ మాట వాని చేతికి వణుకు పుట్టించును. పఠనాలయములలో ఈ పత్రికను చదువు పట్టణవాసులకు విన్నపము: దగ్గరలో దంతకళాశాల యున్నచో సంవత్సరమున కొకమారైన పోయి నోరు చూపించుకొనుడు, ఇంటి పిల్లలను చూపింపుడు. విద్యార్థి చేయి గురువు పర్యవేక్షణలో పనిచేయును; ఒక గంట యాలస్యమైనచో ఓర్చుకొనుడు. మీరు కూర్చున్న ఆ గంటలో ఒక వైద్యుడు తయారగుచున్నాడు.

విద్యార్థులకు చెప్పవలసినది స్వల్పము. మీ తరగతిలోని నూరుగురును మీకు ప్రత్యర్థులు కారు. రేపు మీకు అంతుపట్టని వ్యాధి వచ్చినపుడు రాత్రి పదిగంటలకు ఫోనుచేసి నిస్సంకోచముగా అడుగగలిగినది వారినే. రోగిని పంచుకొనుడు, పరికరమును పంచుకొనుడు, తప్పును చూచినపుడు చాటుగా చెప్పుడు, వెనుకబడినవానిని వదలకుడు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దల మాట. ఊరి నోళ్లు మంచివగుటకు మొదట మీ తరగతి మంచిదిగా నుండవలెను.